మంచివాళ్ల మధ్య పేచీ

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకు కొత్తగా వచ్చినవాళ్లు పాత్రను తయారు చేసుకునేటప్పుడు దేనికి ఎంతసేపు ఆలోచిస్తారో గమనించండి. కత్తి పట్టాలా, విల్లు పట్టాలా అని చాలాసేపు తర్జనభర్జన పడతారు. పేరు కోసం ఇంకాసేపు. జుట్టు రంగు, మెడలో గొలుసు, చిన్నప్పుడు కళ్లారా చూసిన యుద్ధం, పారిపోయి వచ్చిన ఊరు, అన్నీ ఇష్టంగా అల్లుకుంటారు. క్యారెక్టర్ షీట్ మీద ‘అలైన్‌మెంట్’ అన్న చిన్న గడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెప్పపాటులో ‘కేయాటిక్ గుడ్’ అని రాసేసి పాచికలు అందుకుంటారు.

ఆ గడికి దక్కాల్సిన శ్రద్ధ దక్కడం లేదన్నది ఈ కాలమిస్టు ఫిర్యాదు. ఇంకా సూటిగా చెప్పాలంటే, అందులో రాసే రెండు మాటల్లో ఆటగాళ్లు పట్టించుకుంటున్నది ఒక్కదాన్నే. అదీ తక్కువ పనికొచ్చేదాన్ని.

ఆట తెలియనివాళ్ల కోసం కాస్త వివరం. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు డంజన్ మాస్టర్. ఊళ్లు, అడవులు, శత్రువులు, వానా ఎండా అన్నీ ఆ ఒక్కరి నోటి నుంచే వస్తాయి. మిగతావాళ్లకు తలా ఒక పాత్ర. తమ పాత్ర ఏం చేస్తుందో వాళ్లు మాటల్లో చెబుతారు, ఆ పని ఫలించిందో లేదో 20 ముఖాల పాచిక తేలుస్తుంది. పాత్ర నైతిక స్వభావాన్ని సూచించేదే అలైన్‌మెంట్. దానికి రెండు గీతలు. ఒకటి గుడ్ నుంచి ఈవిల్ దాకా. రెండోది లాఫుల్ నుంచి కేయాటిక్ దాకా. ఇచ్చిన మాటకు, చట్టానికి, ఆచారానికి, పెద్దల ఆజ్ఞకు కట్టుబడేవాళ్లు ఈ రెండో గీతకు ఒక కొసన ఉంటారు. తమ మనసు చెప్పిందే చేసేవాళ్లు ఇంకో కొసన ఉంటారు. రెండు గీతల మీదా మధ్యలో న్యూట్రల్. మూడు మూళ్లు తొమ్మిది గడులు.

ఈ తొమ్మిదీ ఒకేసారి పుట్టలేదు. 1971లో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి ‘చైన్‌మెయిల్’ అనే నియమావళి తెచ్చారు. బొమ్మ సైనికులను బల్ల మీద మోహరించి ఆడే యుద్ధక్రీడ అది. డ్రాగన్లతో, మాంత్రికులతో కూడా యుద్ధాలు ఆడుకోవడానికి దాని చివర ఒక అనుబంధం చేర్చారు. ఏ జీవి ఏ పక్షాన పోరాడుతుందో తెలియాలి కాబట్టి లా, న్యూట్రల్, కేయాస్ అని మూడు వరుసలు వేశారు. అలైన్‌మెంట్‌కు మూలం ఆ సేనల జాబితాయే. 1974లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా పట్టణం నుంచి గైగాక్స్, డేవ్ ఆర్న్‌సన్ రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ వెలువడింది. ఒక పెట్టె, అందులో మూడు చిన్న పుస్తకాలు, తొలి ముద్రణ 1,000 ప్రతులు. ఆటగాడు తన పాత్రకు ఎంచుకోవాల్సింది అప్పుడు కూడా లా, న్యూట్రాలిటీ, కేయాస్‌లలో ఒకదాన్నే. గుడ్, ఈవిల్ అన్న గీత ఇంకా గీయలేదు.

వాళ్ల ఊహకు ఊపిరి పోసినవి ఫ్యాంటసీ నవలలు. పాల్ ఆండర్సన్ రాసిన ‘త్రీ హార్ట్స్ అండ్ త్రీ లయన్స్’లో రెండో ప్రపంచ యుద్ధంలో ఉన్న ఒక డేనిష్ ఇంజినీరు మరో లోకంలో కళ్లు తెరుస్తాడు. అక్కడ లా, కేయాస్ శక్తులు తలపడుతుంటాయి. మైకేల్ మూర్‌కాక్ ఎల్రిక్ కథల్లో అయితే ఈ రెండు శక్తుల్లో ఏదీ పూర్తిగా గెలవకూడదు. లా గెలిస్తే లోకం కదలిక లేకుండా బిగుసుకుపోతుంది. కేయాస్ గెలిస్తే దేనికీ రూపమంటూ మిగలదు.

1976 ఫిబ్రవరిలో ‘స్ట్రాటజిక్ రివ్యూ’ పత్రికలో గైగాక్స్ ఒక వ్యాసం రాసి, లా-కేయాస్ గీతకు అడ్డంగా గుడ్-ఈవిల్ గీత గీశారు. చట్టాన్ని నమ్మేవాళ్లంతా మంచివాళ్లు కానక్కర్లేదు, లెక్కచేయనివాళ్లంతా చెడ్డవాళ్లూ కానక్కర్లేదు అని అప్పటికి ఆటలోకి వచ్చింది. 1977 బేసిక్ సెట్‌లో ఐదు రకాలు, 1978 ‘ప్లేయర్స్ హ్యాండ్‌బుక్’ నాటికి తొమ్మిది. పాత గీత మీద వేసిన ఆ కొత్త గీత క్రమంగా పాతదాన్ని మరుగుపరిచింది. ఈ రోజు ఎవరినైనా అలైన్‌మెంట్ అంటే ఏమిటని అడగండి, ‘మంచివాడా చెడ్డవాడా అన్నది’ అంటారు.

మంచివాడే. దాదాపు ప్రతి బల్ల దగ్గరా, దాదాపు ప్రతి పాత్రా మంచిదే. ఊరి మీద ట్రోల్ పడితే కాపాడతారా అని అడిగితే ఎవరూ కాదనరు. అందరూ ఒకే జవాబు చెప్పే ప్రశ్నలో కథ ఏముంటుంది? నలుగురు మంచివాళ్లు ఒకే మంచి పనికి బయల్దేరి, దాన్ని ఎలా చేయాలన్న దగ్గర విడిపోవడంలోనే ఈ ఆట ప్రాణం ఉంది. ఆ విడిపోవడం లాఫుల్-కేయాటిక్ గీత మీద జరుగుతుంది.

ఈ కాలమిస్టు ఆడే బల్ల దగ్గర జరిగిన ఒక ఘట్టం చెప్పుకోవాలి. దారి కాచే గోబ్లిన్ ఒకడు పార్టీకి, అంటే ఆటగాళ్ల పాత్రల బృందానికి, చిక్కాడు. గుహకు వెనక దారి చూపిస్తే వదిలేస్తానని పాలడిన్, అంటే ధర్మానికి కట్టుబడ్డ వీరయోధుడు, మాటిచ్చాడు. వాడు చూపించాడు. అక్కడ మొదలైంది.

‘వదిలితే వాడు నేరుగా గుహలోకెళ్లి చెప్పేస్తాడన్నా. మనం తిరిగొచ్చేదాకా చెట్టుకు కట్టేద్దాం’ అన్నాడు దొంగచాటు పనుల్లో ఆరితేరిన రోగ్ పాత్ర ఆడుతున్న కుర్రాడు.

‘మాటిచ్చాన్రా. వాడి మాట వాడు నిలబెట్టుకున్నాడు కదా.’

‘ఊళ్లోంచి ఎత్తుకుపోయిన పిల్లలు లోపలున్నారు. నీ మాట పెద్దదా, వాళ్ల ప్రాణాలు పెద్దవా?’

‘ఈ రోజు గోబ్లిన్‌కిచ్చిన మాట తప్పితే, రేపు లోపల ఆ పిల్లలకిచ్చే మాటకి విలువేముంటుంది?’

డంజన్ మాస్టర్ నోరు మెదపలేదు. పాచికలు ఎవరూ ముట్టుకోలేదు. ఇద్దరి షీట్ల మీదా ‘గుడ్’ అనే ఉంది. ఒకరికి ముందు లాఫుల్, ఇంకొకరికి ముందు కేయాటిక్. చివరికి గోబ్లిన్‌ను వదిలేశారు. వాడు వెళ్లి చెప్పనే చెప్పాడు. వెనక దారిలో బాణాలు సిద్ధంగా ఉన్నాయి. అప్పుడు రోగ్ ఆడుతున్న కుర్రాడు ‘నేను చెప్పానా’ అనలేదు. ‘నా పాత్ర పాలడిన్ ముందుకెళ్లి నిలబడుతుంది’ అన్నాడు. మాట నిలబెట్టినవాడికి తగలాల్సిన బాణం, వద్దని మొత్తుకున్నవాడికి తగిలింది. ఆ క్యాంపెయిన్‌లో, అంటే వరుస సెషన్లుగా సాగిన ఆ కథలో, చంపిన డ్రాగన్ కన్నా బల్ల దగ్గరివాళ్లు ఎక్కువగా చెప్పుకునేది ఈ సంగతే. ఇద్దరూ తమ గడిలో ‘గుడ్’ అని మాత్రమే రాసుకుని ఉంటే ఇది జరిగేది కాదు.

పాలడిన్ చరిత్ర కూడా ఈ పాత గీత బలాన్నే చూపిస్తుంది. 1975 నాటి ‘గ్రేహాక్’ అనుబంధంతో పాలడిన్ ఆటలోకి వచ్చాడు. 1978 పుస్తకం ప్రకారం అతను లాఫుల్ గుడ్ అయి తీరాలి. రాబడిలో పదో వంతు దానం చేయాలి. మంచివాళ్లతోనే తిరగాలి. న్యూట్రల్ వాళ్లున్న బృందంతో వెళ్లాలంటే అది ఒక్క యాత్రకే, అదీ ధర్మకార్యం ఉంటేనే. తెలిసి కేయాటిక్ పని చేస్తే పెద్ద స్థాయి క్లెరిక్ (పూజారి) దగ్గర ఒప్పుకుని ప్రాయశ్చిత్తం చేసుకోవాలి. తెలిసి ఈవిల్ పని చేస్తే శక్తులు పోతాయి, ఇక తిరిగి రావు.

తెలుగు పాఠకులకు ఇది కొత్త ఊహ కాదు. ద్రోణుడి చేత అస్త్రసన్యాసం చేయించడానికి అశ్వత్థామ చనిపోయాడని గట్టిగా పలికి, ఏనుగు మాటను గొంతులోనే తగ్గించిన ధర్మరాజు రథం అప్పటిదాకా నేలకు నాలుగు వేళ్ల ఎత్తున నడిచేది. ఆ క్షణంలో భూమిని తాకింది. ఆయన అబద్ధం సొంత లాభానికి ఆడలేదు, పక్కన కృష్ణుడున్నాడు, ఎదురుగా సైన్యాన్ని ఊచకోత కోస్తున్న ద్రోణుడున్నాడు. అయినా రథం దిగింది. పోయింది మంచితనం అని ఎవరూ అనరు, సత్యానికి కట్టుబడ్డవాడన్న ప్రత్యేకత పోయింది. పాలడిన్ ఆడేవాళ్లు ఎంచుకోవాల్సిన పతనం అలాంటిది. ఏ దారీ మిగల్చకుండా ఇరుకున పెట్టి, రెండు పాపాల్లో ఒకటి చేయించి, ‘నీ శక్తులు పోయాయి’ అని ప్రకటించే డంజన్ మాస్టర్లు కొందరుంటారు. అది అన్యాయం. రథం దిగే ముందు ధర్మరాజు నోరు తెరవకుండా ఉండే వీలుంది.

ఈ కట్టుబాటే ఈవిల్ పాత్రలకూ వర్తిస్తుంది. చెడ్డ పాత్ర ఆడవచ్చా అన్న ప్రశ్న ప్రతి కొత్త బల్ల దగ్గరా వస్తుంది. లాఫుల్ ఈవిల్ పాత్ర మంచివాళ్ల పక్కన నెలల తరబడి నడవగలదు. ఒప్పందం కుదిరిందంటే దానికి కట్టుబడుతుంది, వాటా తేలితే ఎక్కువ తీసుకోదు. కేయాటిక్ ఈవిల్ పాత్ర మొదటి రాత్రి కాపలా తన వంతు రాగానే తోటివాళ్ల సంచులు ఖాళీ చేస్తుంది. రెండూ చెడ్డవే. ఒకటి బల్ల దగ్గర కూర్చోగలదు, రెండోది కూర్చోలేదు. కలిసి ఆడటం సాధ్యమా కాదా అన్నది తేల్చేది లాఫుల్ గీతే.

నడిమి గడుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 1989 రెండో ఎడిషన్ ట్రూ న్యూట్రల్‌కు ఇచ్చిన ఉదాహరణలో ప్రకృతిని కొలిచే ఒక డ్రూయిడ్, నాల్ అనే క్రూర జీవుల మూకను అణచడానికి స్థానిక ప్రభువుతో చేతులు కలుపుతాడు. ఆ మూక తుడిచిపెట్టుకుపోయే దశకు రాగానే పక్షం మార్చేస్తాడు. తూకం సమంగా ఉండాలట. అలాంటి మనిషితో ఎవరు యాత్రకు వెళతారు? కేయాటిక్ న్యూట్రల్‌ను అయితే అదే పుస్తకం పిచ్చివాళ్ల గడి స్థాయికి తెచ్చింది. ‘నా పాత్ర అయితే ఇలాగే చేస్తుంది’ అంటూ సత్రం తగలబెట్టేవాళ్లకు అది ఇప్పటికీ ఆసరాగా ఉంది. స్వేచ్ఛను ప్రేమించే పాత్రకు కూడా తను ప్రేమించే మనుషులుంటారు.

1977 ‘మాన్‌స్టర్ మాన్యువల్’ చూసిన తెలుగువాళ్లెవరైనా ఒక పేజీ దగ్గర ఆగుతారు. అందులో రాక్షసుడున్నాడు. అదే పేరుతో, పులి తలతో, దొరల దుస్తుల్లో, తీరిగ్గా కూర్చుని పొగ తాగుతూ. అలైన్‌మెంట్: లాఫుల్ ఈవిల్. 2014 పుస్తకంలో కూడా అతనికి అదే గడి. పైగా మంచి పాత్ర చేతిలోని మాయాయుధం మొన దిగితే అతనికి రెట్టింపు దెబ్బ. జాతి మొత్తానికి ఒకటే గడి అన్న పద్ధతికి ఇంతకన్నా తేటగా జవాబు చెప్పగల పాఠకులు లోకంలో తక్కువ. అన్నను విడిచి ధర్మం వైపు వచ్చిన విభీషణుడు రాక్షసుడు. 1957లో ‘మాయాబజార్’ విడుదలైనప్పటి నుంచి తెలుగు ఇళ్లలో తరతరాల పిల్లలు మనసిచ్చిన ఎస్వీ రంగారావు ఘటోత్కచుడు రాక్షసుడు. ఇతను ఏ గడిలో ఇముడుతాడు? పెద్దల మాట జవదాటడు కాబట్టి లాఫుల్ అందామంటే, పెళ్లివారిని మాయతో ముప్పుతిప్పలు పెట్టేదీ ఇతనే.

ఈ ఇబ్బంది ఆటలో మొదటి నుంచీ ఉంది. గైగాక్స్ స్వయంగా రాసిన 1979 నాటి ‘ది కీప్ ఆన్ ది బార్డర్‌ల్యాండ్స్’లో కేయాస్ గుహలున్నాయి. వాటిలో యోధులే కాదు, ఆయుధం పట్టని ఆడవాళ్లు, పిల్లలు కూడా ఉంటారు. పుట్టుకతోనే కేయాటిక్ అని పుస్తకం ముద్ర వేసిన పిల్లలను ఏం చేయాలి? లాఫుల్ పాత్రలు ఆడుతున్న పిల్లలు, పెద్దలు లెక్కలేనన్ని బల్లల దగ్గర దీని మీద వాదించుకున్నారు. ఆ వాదన మంచిదే. పుస్తకం వేసిన ముద్ర మాత్రం మంచిది కాదు. చీకటి ఎల్ఫ్‌లందరూ దుష్టులే అని ఆట చెబుతున్న రోజుల్లోనే, 1988లో ఆర్.ఎ. సాల్వటోర్ నవల ‘ది క్రిస్టల్ షార్డ్’ నుంచి ఆ జాతిలో పుట్టిన మంచివాడు డ్రిజ్ట్ బయటికొచ్చి ఆట మొత్తంలో అత్యంత ప్రియమైన పాత్రల్లో ఒకడయ్యాడు. 2020లో ఆట యజమానులైన విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్, ఓర్క్‌లను, చీకటి ఎల్ఫ్‌లను పుట్టుకతో దుష్టులుగా చూపించిన తీరు మారుస్తామని ప్రకటించింది. ఆలస్యంగానైనా సరైన పనే.

అలైన్‌మెంట్‌ను మొత్తంగా తీసేయాలన్న వాదనా ఉంది. 2008 నాలుగో ఎడిషన్ దాన్ని ఐదు రకాలకు కుదించి, ఏ వైపూ లేనివాళ్లకు ‘అన్‌అలైన్డ్’ అన్న వీలు ఇచ్చింది. 2014 ఐదో ఎడిషన్ తొమ్మిదినీ తిరిగి తెచ్చినా, వాటి పళ్లు పీకేసింది. పాలడిన్‌కు లాఫుల్ గుడ్ షరతు పోయి ప్రతిజ్ఞలు వచ్చాయి. ‘డిటెక్ట్ ఈవిల్ అండ్ గుడ్’ మంత్రం మనిషి స్వభావాన్ని చూపడం మానేసి, దగ్గర్లో పిశాచమో దేవదూతో ఉంటే చూపుతోంది. 2023లో వచ్చిన ‘బాల్డర్స్ గేట్ 3’ వీడియో గేమ్ ఆడినవాళ్లకు తెలుసు, అందులో అలైన్‌మెంట్ గడి లేనే లేదు. అయినా ప్రతిజ్ఞకు విరుద్ధంగా నడిస్తే పాలడిన్ పతనమవుతాడు. అదే ఏడాది ‘పాత్‌ఫైండర్’ అనే ఇలాంటి మరో ఆట తన సవరించిన ఎడిషన్‌లో అలైన్‌మెంట్‌ను తొలగించి, ఈ పాత్ర తప్పక చేసేవి ఏవి, ఎన్నటికీ చేయనివి ఏవి అని రాసుకునే పద్ధతి పెట్టింది. జాగ్రత్తగా చూస్తే ఈ రెండు చోట్లా పోయింది మంచి-చెడు గీతే. కట్టుబాటు గీత పేరు మార్చుకుని నిలిచింది.

మరో దారి కూడా ఉంది. 1985లో గ్రెగ్ స్టాఫర్డ్ తయారు చేసిన ‘పెండ్రాగన్’ ఆర్థర్ రాజు కొలువులోని వీరుల ఆట. అందులో తొమ్మిది గడుల బదులు 13 జంటల గుణాలుంటాయి. దయ-క్రూరత్వం, ధైర్యం-పిరికితనం, అలా. జంటలో రెండింటి విలువా కలిపితే 20. ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. గుణం 16కు చేరితే లోకం ఆ వీరుణ్ని ఆ గుణంతోనే గుర్తిస్తుంది. క్లిష్ట సమయంలో పాచిక వేసి, అతని గుణమే అతన్ని ఎటు నడిపిందో చూస్తారు. చేసిన పనులు గుణాన్ని మారుస్తాయి, గుణం తర్వాతి పనులను నడుపుతుంది. పాత్ర స్వభావాన్ని ఆటలో చూపించడానికి ఇంత నిజాయితీ గల పద్ధతి ఇంకొకటి లేదని ఈ కాలమిస్టు అభిప్రాయం. 1979 నాటి ‘డంజన్ మాస్టర్స్ గైడ్’ కూడా ఆటగాళ్ల పనులను బట్టి అలైన్‌మెంట్ ఎటు జరుగుతోందో పటం మీద గుర్తించమని చెప్పింది. అయితే గడి మారితే ఒక లెవెల్ కోత అంటూ శిక్ష వేసింది. మనిషి మారినందుకు శిక్ష ఎందుకు? మారడమే కదా కథ.

మరి ఆ గడిని ఎలా నింపాలి? మొదటి రోజే నింపొద్దు. రెండు మూడు సెషన్లు ఖాళీగా ఉంచండి. ఆ లోపు పాత్ర ఎవరి మాట వింటుందో, ఎవరి మాట వినదో తనంతట తానే బయటపడుతుంది. ఆ తర్వాత లాఫుల్-కేయాటిక్ మాట ముందు రాయండి. దాని పక్కనే పెన్సిల్‌తో, పార్టీ మొత్తం బతిమాలినా ఈ పాత్ర చేయని పని ఒకటి రాయండి. ‘అబద్ధం ఆడదు’ అన్నంత పెద్దదే కానక్కర్లేదు. ‘రాజభటుల ముందు మోకరిల్లదు’ అన్నా చాలు. గుడ్, న్యూట్రల్, ఈవిల్‌లలో ఏదన్నది దాని వెనక వస్తుంది, అప్పటికి అది రాయడం తేలిక. డంజన్ మాస్టర్లు ఆ గడులు నిండగానే అందరి షీట్లూ ఒకచోట పెట్టి చూడాలి. అందరూ కేయాటిక్ గుడ్ అయితే, ఒకరినైనా లాఫుల్ వైపు జరగమని అడగాలి. మాట కోసం నిలబడేవాళ్లు ఒకరు, మాట కన్నా మనిషి ముఖ్యమనేవాళ్లు ఒకరు బల్ల దగ్గర లేకపోతే, ఎంత పెద్ద డ్రాగన్‌ను తెచ్చినా సెషన్ చప్పగానే ఉంటుంది.

ఈ ఆదివారం కొత్త క్యాంపెయిన్ మొదలుపెడుతున్నవాళ్లు ఉంటే ఒక్కసారి లాఫుల్ గుడ్ పాత్రను ఆడి చూడండి. అది చాదస్తపు పాత్ర అన్న పేరు ఎప్పటినుంచో ఉంది. పక్కన ఒక మంచి కేయాటిక్ పాత్రను కూర్చోబెట్టండి, ఆ పేరు నిలబడదు.